గైడు, నోట్సు, వీడియో, పాత పేపరు: ఏది ఏ పనికి?

హైదరాబాదు కాలేజీల్లో 'సప్లిమెంటరీ' అన్న మాట వినగానే విద్యార్థికి ముందు గుర్తొచ్చేది పోయిన సబ్జెక్టు. ఇంట్లో ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కోవడం, మళ్లీ ఫీజు కట్టడం, జూనియర్ల పక్కన కూర్చుని అదే పరీక్ష రాయడం. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: పాఠ్యపుస్తకానికీ తరగతి పాఠానికీ తోడుగా వాడుకునే సామగ్రి. మొదటి సప్లిమెంటరీ రాకూడదని రెండో సప్లిమెంటరీని కొంటారు, దించుకుంటారు, జిరాక్సు తీయించుకుంటారు. విచిత్రం ఏమిటంటే, రెండోది బోలెడంత పోగేసినవాళ్లకు కూడా మొదటిది తప్పడం లేదు.

ఒకప్పుడు పుస్తకం దొరకడమే గండం. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని అధ్యాయాలు చేత్తో ఎత్తి రాసుకున్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఇప్పుడు కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు, కాలేజీ ఎదురుగా జిరాక్సు షాపు, చేతిలో ఫోను. ఒకే పాఠం పది రూపాల్లో దొరుకుతుంది. ఏది ముందు తెరవాలో తేలక, సెమిస్టరు మొదటి నెల సేకరణకే సరిపోతుంది. సేకరణకు ఒక మాయ ఉంది: పీడీఎఫ్ దిగగానే సగం చదివేసినంత తృప్తి కలుగుతుంది.

ముందు అసలు, తర్వాతే తోడు

తోడు అనాలంటే దేనికి తోడో ముందు తేలాలి. ఒక కోర్సుకు అసలైనవి సిలబస్ కాపీ, అందులో పేర్కొన్న పాఠ్యపుస్తకం, తరగతిలో చెప్పిన పాఠం. వీటికి చాలామంది కన్నెత్తి చూడని ఇంకొకటి కలపాలి: పరీక్ష నిబంధనలు. విశ్వవిద్యాలయాలు 'రెగ్యులేషన్స్' అనేవి ఇవే. ఇంటర్నల్స్‌కు ఎన్ని మార్కులు, ప్రశ్నపత్రంలో ఎన్ని భాగాలు, పాసవడానికి ఎక్కడ ఎంత రావాలి అన్నవన్నీ వాటిలో ఉంటాయి. సిలబస్‌లో ఒక్కో యూనిట్ కింద ఉండే నాలుగైదు పంక్తులు పొడిపొడిగా కనిపిస్తాయి గానీ, బయట దొరికేదాంట్లో మనకు అక్కరలేనిది ఏదో చెప్పగలిగేవి ఆ పంక్తులే.

మిగతావన్నీ తోడు సామగ్రి. పేర్లు ఎన్ని ఉన్నా అవి చేసే పనులు నాలుగే. కొన్ని అర్థం చేయిస్తాయి: వీడియో పాఠాలు, రిఫరెన్సు పుస్తకాలు, ట్యూషన్. కొన్ని సాధన చేయిస్తాయి: జవాబులున్న లెక్కల పుస్తకాలు, ప్రశ్నల బ్యాంకులు. పాత ప్రశ్నపత్రాలు పరీక్ష ఎలా ఉంటుందో ఆనవాలు ఇస్తాయి. గైడ్లు, సీనియర్ల నోట్సులు ఉన్నదాన్ని కుదించి పెడతాయి. కుదించిన దాన్ని పట్టుకుని అర్థం చేసుకోబోతే ఏమవుతుందో పచ్చడి మెతుకులతో పెళ్లి విందు చేయబోయినవాళ్లకు తెలుసు. అలాగే అర్థం చేయించే వీడియోను చూసి సాధన కూడా అయిపోయిందనుకోవడం. సామగ్రి చెడ్డది కావడం కన్నా, ఒకదాని పని ఇంకొకదానికి అప్పగించడం వల్ల పోయే మార్కులే ఎక్కువ అని నా అభిప్రాయం.

స్పైరల్ బైండింగు లోపల

మిడ్ పరీక్షలకు ముందు రోజు సాయంత్రం నారాయణగూడ వైపు ఏ జిరాక్సు షాపు ముందు నిలబడినా ఒకటే దృశ్యం. యంత్రం ఆగదు, కాగితం వేడి వాసన. షాపాయన తల ఎత్తకుండానే "ఏ ఇయరు, ఏ రెగ్యులేషను, ఎన్నో యూనిట్టు?" అని అడుగుతాడు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని విద్యార్థికి సిలబస్ తెలియనట్టే లెక్క, ఆయనకు మాత్రం కంఠస్థం.

అలాంటి చోట ఒకసారి బీకామ్ అకౌంటెన్సీ నోట్సు ఒకటి తిరగేశాను. ఎవరో సీనియర్ అమ్మాయిది, ముత్యాల్లాంటి రాత. తరుగుదల, అంటే డిప్రిసియేషన్, అధ్యాయంలో ఒక లెక్క: అక్టోబరు 1న యంత్రం కొన్నారు, మార్చి 31న లెక్కలు మూశారు. పక్కన '5 నెలలు' అని రాసి ఉంది. వేళ్లతో లెక్కపెట్టండి: అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఆరు. అక్టోబరును వదిలేసి నవంబరు నుంచి లెక్కపెట్టినట్టుంది పాపం. అందమైన రాత కావడంతో ఆ తప్పు ఎన్ని బ్యాచీలు ప్రయాణించిందో!

సీనియర్ల నోట్సును అంత తేలిగ్గా తీసిపారేయలేం. పెద్ద రచయిత రాసిన పాఠ్యపుస్తకంలో లేనిది దానిలో ఒకటి ఉంటుంది: ఆ కాలేజీలో, ఆ మేడం ఏ భాగాన్ని రెండుసార్లు చెబుతారో, దేన్ని 'మీరే చూసుకోండి' అని వదిలేస్తారో అన్న స్థానిక జ్ఞానం. ఎనిమిది వందల పేజీల పుస్తకాన్ని ఎనభై పేజీలకు తెచ్చిన శ్రమ కూడా నిజమైనదే. అయితే ఆ కుదింపు ఆమె మెదడులో జరిగింది. ఆమెకు ఆ ఎనభై పేజీలు ఎనిమిది వందలను గుర్తుచేసే కొక్కేలు. పెద్ద పుస్తకం తెరవనివాడికి అవి ఎనభై పేజీలే.

పైగా నోట్సుకు కాలం చెల్లుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాదులో ఆర్18, అంటే 2018 నాటి నిబంధనల కింద చదివిన బ్యాచీలకు ఇంటర్నల్స్ 25, చివరి పరీక్ష 75 మార్కులు. ఆర్22 వచ్చాక అది 40, 60 అయింది. సబ్జెక్టు పేరు ఒకటే ఉన్నా యూనిట్లలో అంశాలు అటూ ఇటూ జరుగుతాయి. అన్నయ్య పుస్తకాలు తమ్ముడికి పనికొస్తాయని ఇంట్లో దాచిపెట్టే తల్లిదండ్రులు ముందు రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి చూడాలి.

'ఇంపార్టెంట్' ప్రశ్నలు చదివితే సరిపోతుందా?

ఇక్కడే వాదం వేడెక్కుతుంది. అధ్యాపకులను అడిగితే పాఠ్యపుస్తకం చదవనివాడికి డిగ్రీ దండగ అంటారు. విద్యార్థులను అడిగితే ఆరు సబ్జెక్టులు, ల్యాబులు, రెండు గంటల బస్సు ప్రయాణం చూసి మాట్లాడమంటారు. ఎవరిది నిజం? ఆర్22 ప్రశ్నపత్రాన్నే లెక్క వేసి చూద్దాం.

చివరి పరీక్ష 60 మార్కులకు. మొదటి భాగంలో ఒక మార్కు ప్రశ్నలు పది, రెండో భాగంలో పది మార్కుల ప్రశ్నలు ఐదు, యూనిట్‌కు ఒకటి, ప్రతిదానికీ లోపల 'లేదా' ఉంటుంది. ఒక్కో యూనిట్ నుంచి చిన్న ప్రశ్నలు రెండు చొప్పున వస్తే, యూనిట్ విలువ 12 మార్కులు. చివరి పరీక్షలో కనీసం 21 రావాలి, ఇంటర్నల్స్‌తో కలిపి నూటికి కనీసం 40 రావాలి.

రెండు యూనిట్లు పూర్తిగా వదిలేసిన విద్యార్థికి అందుబాటులో ఉండేవి 36 మార్కులు. 21కి 36 చాలు అనిపిస్తుంది. కానీ చదివినదంతా మార్కులుగా మారదు. రాసినదానిలో 60 శాతం పడుతుందనుకుంటే 36కు 21.6. గీత మీద నడక. చిన్న ప్రశ్న ఒకటి తప్పితే సబ్జెక్టు పోతుంది. నాలుగు యూనిట్లు చదివినవాడికి అదే 60 శాతంతో 28.8 వస్తాయి, ఐదూ చదివినవాడికి 36.

విద్యార్థి వైపు వాదన కూడా పూర్తిగా వినాలి. వదిలేసిన యూనిట్ల సమయాన్ని మిగతా మూడింటి మీద పెడితే రాత మెరుగవుతుంది, 60 కాస్తా 75 శాతం అవుతుంది, అప్పుడు 27 వస్తాయి. ఇది నిజం. పాసవడమే లక్ష్యమైతే, పది రోజులే మిగిలితే, ఏరి చదవడం తెలివితక్కువ పనేమీ కాదు. చిక్కంతా తర్వాతి సెమిస్టరులో ఉంది. గణితంలో మాత్రికల యూనిట్ వదిలేసినవాడికి అదే మాత్రిక సిగ్నల్స్‌లోనో మెషీన్ లెర్నింగ్‌లోనో మళ్లీ ఎదురవుతుంది, ఈసారి ఎవరూ మొదటి నుంచి చెప్పరు. కాబట్టి 'ఇంపార్టెంట్లు చాలా?' అన్న ప్రశ్నకు జవాబు సబ్జెక్టును బట్టి మారుతుంది. రాబోయే సెమిస్టర్లకు పునాది అయ్యే సబ్జెక్టుకు ఒక జవాబు, అక్కడితో ముగిసిపోయే సబ్జెక్టుకు ఇంకొకటి.

పాత పేపర్లకు ఇంతకంటే మంచి వాడకం ఒకటి ఉంది. వాటిని జోస్యం కోసం కాకుండా కొలబద్దగా వాడటం. యూనిట్ అయిపోగానే పాత పేపరులో ఆ యూనిట్ ప్రశ్న ఒకటి తీసుకుని, గడియారం పెట్టుకుని, తెల్లకాగితం మీద రాసి చూడటం. ఈ ప్రశ్నే మళ్లీ వస్తుందా అన్న బెంగ అప్పుడు ఉండదు. ఎలాగూ అప్పటికి అది తన పని చేసేసి ఉంటుంది.

'అర్థమైంది' అన్న భ్రమ ఎక్కడి నుంచి వస్తుంది

తెల్లకాగితం మీద రాసి చూడమనడానికి ఒక కారణం ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం ఇది. కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠ్యభాగం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒకే విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో పుస్తకం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత బండి తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61. అసలు సంగతి ఇంకొకటి: బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం చెప్పింది నాలుగుసార్లు చదివిన జట్టే.

పరీక్ష ముందు రాత్రి గైడు నాలుగుసార్లు తిప్పినవాడికి పొద్దున హాల్లో కాస్తో కూస్తో ఎందుకు గుర్తుంటుందో, మూడు నెలల తర్వాత ఏమీ ఎందుకు మిగలదో ఈ రెండు అంకెలు చెబుతాయి. 2013లో జాన్ డన్‌లాస్కీ, ఆయన సహచరులు పది రకాల చదివే పద్ధతులను తూచి చూసినప్పుడు కూడా, తనను తాను పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చదవడం పైవరసలో నిలిచాయి. మార్కర్ పెన్నుతో గీతలు గీయడం, ఊరికే మళ్లీ చదవడం అట్టడుగున మిగిలాయి. రంగు పెన్నులు అమ్మే దుకాణాలకు ఈ కబురు ఇంకా చేరినట్టు లేదు.

ఇప్పుడు ఆ తరుగుదల లెక్కనే దగ్గరగా చూద్దాం. గైడులో ఉన్న లెక్క ఇలా ఉంటుందనుకోండి: ఏప్రిల్ 1న లక్ష రూపాయల యంత్రం కొన్నారు, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఏటా 10 శాతం తరుగుదల, మార్చి 31న లెక్కల మూసివేత. మొదటి ఏడు 10,000 తీసేస్తే మిగిలేది 90,000. రెండో ఏడు దాని మీద 9,000, మిగిలేది 81,000. మూడో ఏడు 8,100, మిగిలేది 72,900. చదువుతుంటే పాట పాడినంత సాఫీగా సాగుతుంది. 'ఆ, వచ్చేసింది' అని పేజీ తిప్పేస్తాం.

ప్రశ్నపత్రం తయారుచేసేవారు తేదీ ఒక్కటి మారుస్తారు: యంత్రం అక్టోబరు 1న కొన్నారు. మొదటి ఏడు తరుగుదల ఆరు నెలలకే, అంటే 5,000. మిగిలేది 95,000. రెండో ఏడు 9,500, మిగిలేది 85,500. ఇంకో మెలిక వేద్దాం: మూడో ఏడు సెప్టెంబరు 30న యంత్రాన్ని 80,000కు అమ్మేశారు. ఆ ఆరు నెలల తరుగుదల 4,275. పుస్తకాల్లో అప్పటి విలువ 81,225. నష్టం 1,225. సూత్రం మారలేదు, కొత్తగా నేర్వవలసినదీ లేదు. అయినా గైడు లెక్కను కళ్లతో మాత్రమే చదివినవాడు ఇక్కడ చతికిలబడతాడు, ఎందుకంటే 10,000, 9,000, 8,100 అన్న అంకెలు గుర్తున్నాయి గానీ అవి ఎక్కడి నుంచి వచ్చాయో చేతికి తెలియదు.

అలాగని గైడును తప్పుపట్టలేం. బొత్తిగా కొత్తగా నేర్చుకునేవాడికి చేసి చూపిన లెక్క చాలా అవసరం. ఏమీ తెలియనివాడిని నేరుగా కొత్త లెక్కలోకి తోసేస్తే దారి వెతుక్కోవడంలోనే బుర్ర అలసిపోతుంది. అభ్యసన పరిశోధకుల్లో జాన్ స్వెల్లర్ బృందం దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. అయితే పట్టు దొరికాక అదే చేసి చూపిన లెక్క ఆటంకమవుతుంది. కాబట్టి గైడులో మొదటి లెక్క చదవడానికి, రెండోది జవాబు మూసిపెట్టి సగం దూరం వెళ్లడానికి, మూడోది తేదీలూ అంకెలూ మనమే మార్చి చేయడానికి వాడుకుంటే ఒకే పుస్తకం మూడు పుస్తకాల పని చేస్తుంది.

ముప్పై గంటల వీడియో, మూడు గంటల అవసరం

వీడియో పాఠాల్లో మన దేశంలో పాతకాపు ఎన్‌పీటీఈఎల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదిక 2017లో వచ్చింది. చేరడానికి రుసుము లేదు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేసుకోవచ్చు, మన విశ్వవిద్యాలయం అందుకు ఒప్పుకోవాలి.

చెప్పేవారు దిగ్గజాలు, సందేహం లేదు. చిక్కు కొలతల దగ్గర వస్తుంది. పన్నెండు వారాల కోర్సు అంటే దాదాపు ముప్పై గంటల వీడియో. మన సిలబస్‌లోని యూనిట్‌కు అందులో కావలసింది ఒక వారం పాఠమో, వారంన్నరో. ఉత్సాహంగా మొదటి వారం నుంచి చూడటం మొదలుపెట్టి, మూడో వారానికి మిడ్ పరీక్షలు రాగానే వదిలేసి, అపరాధ భావంతో మిగిలిపోయే విద్యార్థులు కోకొల్లలు. అంశాల పట్టిక చూసి కావలసిన రెండు మూడు గంటల పాఠం ఏరుకుంటే ఆ బాధ ఉండదు. సర్టిఫికెట్టు కోసం చేసేవారి సంగతి వేరు. అక్కడ వారం వారం అసైన్‌మెంట్లు, చివర పర్యవేక్షణలో పరీక్ష ఉంటాయి. ముప్పై గంటలూ చూడక తప్పదు. ఒకే కోర్సును సర్టిఫికెట్టు కోసం చేస్తున్నామా, యూనిట్ అర్థం కావడానికా అన్నది మొదటే తేల్చుకోకపోతే రెండూ చెడతాయి.

యూట్యూబులో పరీక్ష ముందు రోజు కనిపించే 'ఒక్క గంటలో మొత్తం సబ్జెక్టు' వీడియోల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ముందే చదివినవాడికి అది పునశ్చరణ. చదవనివాడికి సినిమా ట్రైలరు.

తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాసేవాళ్లు

ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, హైదరాబాదులో ఇంగ్లీషు మాధ్యమం డిగ్రీలోనో ఇంజినీరింగులోనో చేరినవారికి సమస్య రెండింతలు. విషయం తెలియదో, మాట తెలియదో తేల్చుకోలేరు. 'రిటెన్ డౌన్ వాల్యూ' అన్న మాట దగ్గర ఆగిపోయిన విద్యార్థికి 'తగ్గుతున్న నిల్వల పద్ధతి' అని చెబితే ముఖం వికసిస్తుంది, ఎందుకంటే ఆ తెలుగు పేరులోనే లెక్క ఉంది: ఏటా తగ్గిన నిల్వ మీద తరుగుదల.

ఈ అవసరానికి నగరంలోనే రెండు నిధులున్నాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు, 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై ఇప్పుడు డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరుతో ఉన్న విశ్వవిద్యాలయం పాఠాలు. రెండోవాటికి ప్రత్యేకత ఉంది. రోజూ తరగతికి రాలేని ఉద్యోగస్తులు, గృహిణులు ఇంట్లో చదువుకోవడానికి రాసినవి కనుక, ఉపాధ్యాయుడు చెప్పే మాట కూడా పాఠంలోనే కలిసి ఉంటుంది, మధ్యలో 'మీ ప్రగతిని సరిచూసుకోండి' వంటి ప్రశ్నలు అడుగుతాయి. రెగ్యులర్ కాలేజీ విద్యార్థులు 'దూరవిద్య పుస్తకాలు' అని వాటిని చిన్నచూపు చూడటం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

వాటికీ ఒక హద్దు ఉంది. పరీక్ష రాయవలసింది ఇంగ్లీషులో. తెలుగులో అర్థమయ్యాక జవాబును ఇంగ్లీషులో సొంతంగా ఒకసారి రాసి చూసుకోకపోతే, హాల్లో విషయం తలలో ఉండి కలం దగ్గర ఆగిపోతుంది. నోటు పుస్తకంలో చివరి రెండు పేజీలు రెండు భాషల మాటల పట్టికకు వదిలిపెట్టుకున్న విద్యార్థులను చూశాను. అంగట్లో దొరికే ఏ గైడూ ఆ పట్టికకు సాటి రాదు.

ట్యూషన్‌కు వెళ్లినవాళ్లకే మార్కులెందుకు ఎక్కువ?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా కోర్సుల ప్రకటనలే. ట్యూషన్, కోచింగ్ పెట్టించుకున్నవారికి మార్కులు ఎక్కువ వచ్చాయని చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ మాట చెప్పనిది ఒకటి ఉంటుంది. క్లాసులో అరవైమంది ఉంటే సాయంత్రం రెండు గంటలు అదనంగా కూర్చోవడానికి సిద్ధపడిన ఇరవైమంది ఎవరు? చాలావరకు ముందే పట్టుదల ఉన్నవారు, ఫీజు కట్టగలిగినవారు. ట్యూషన్ లేకపోయినా వాళ్లు మిగతా నలభైమంది కంటే ముందే ఉండేవారేమో. ట్యూషన్ ఎంత కలిపింది అన్నది తెలియాలంటే రెండు జట్లూ మొదట ఒకేలా ఉండాలి. ఈ మెలిక ట్యూషన్‌కే కాదు, స్వచ్ఛందంగా ఎంచుకునే ఏ తోడు సామగ్రికైనా వర్తిస్తుంది.

1973లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ శాఖలో మొదలైన ఒక పద్ధతికి కూడా ఇదే విమర్శ ఎదురైంది. అయినా దాని ఆలోచన పరిశీలించదగ్గది. వాళ్లు 'వెనకబడిన విద్యార్థులు' అని ఎవరికీ ముద్ర వేయలేదు. ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టుకు ముద్ర వేశారు. ఆ సబ్జెక్టులో బాగా పాసైన సీనియర్ మళ్లీ తరగతికి వచ్చి కూర్చుని, తర్వాత ఇష్టమైనవారితో కలిసి సాధన చేయిస్తాడు. అతను పాఠం చెప్పడు, ప్రశ్నలు అడుగుతాడు. మన హాస్టళ్లలో 'కంబైన్డ్ స్టడీ' అని పిలిచేదానికి ఇది దగ్గరి చుట్టమే, మధ్యలో టీ విరామం గంటన్నర ఉండదు, అంతే తేడా.

చాట్‌బాట్ చేతిలో పెన్ను

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక తోడు సామగ్రి లెక్క మారిపోయింది. అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పే గురువు అర్ధరాత్రి కూడా దొరుకుతాడు. ఫీజు కట్టలేని ఇంటి పిల్లకు ఇది చిన్న వరమేమీ కాదు. మరి అధ్యాపకుల భయం?

టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులతో జరిగిన గణిత ప్రయోగం రెండు వైపులకూ జవాబు చెప్పింది. ఒక జట్టుకు మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. ఇంకో జట్టుకు జవాబు నేరుగా చెప్పకుండా, ఉపాధ్యాయులు రాసిన సూచనల ప్రకారం ఆనవాళ్లు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ ఇచ్చారు. మూడో జట్టుకు ఏదీ లేదు. సాధన చేసేటప్పుడు మూడో జట్టు కంటే మొదటి జట్టు 48 శాతం, రెండోది 127 శాతం మెరుగ్గా చేశాయి. తర్వాత చాట్‌బాట్లు తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడిన జట్టు, అసలేమీ వాడనివారి కంటే 17 శాతం వెనకబడింది. ఆనవాళ్ల చాట్‌బాట్ జట్టుకు ఆ నష్టం దాదాపు లేదు, అలాగని పెద్ద లాభమూ కనిపించలేదు.

మన తరుగుదల లెక్కకు అన్వయిస్తే: 'ఈ లెక్క చెయ్యి' అని అడగడం ఒకటి, 'నేను చేసిన ఈ లెక్కలో తప్పు ఎన్నో పంక్తిలో ఉందో మాత్రం చెప్పు, సరిచేయకు' అని అడగడం ఇంకొకటి. ఒకే యంత్రం, పెన్ను ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. అది కూడా పొరపడుతుంది కనుక, చెప్పినదాన్ని పాఠ్యపుస్తకంతో సరిచూసుకోక తప్పదు.

జిరాక్సు తీయడం నేరమా?

చివరగా, అందరూ చేస్తూ ఎవరూ అడగని ప్రశ్న. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఒక జిరాక్సు షాపు మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పు చెప్పింది. బోధనలో భాగంగా అధ్యాపకులు నిర్దేశించిన భాగాలను విద్యార్థుల కోసం ప్రతులు తీయడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం, సెక్షన్ 52(1)(i) వీలు కల్పిస్తుందని దాని సారాంశం. అధ్యాపకుడు చదవమన్న అధ్యాయాలతో కూర్చిన ప్రతికి ఆ నీడ దొరికింది. అంగట్లో దొరికే గైడును అట్ట నుంచి అట్ట దాకా తీసి, స్పైరల్ వేసి, లాభానికి అమ్ముకోవచ్చని ఆ తీర్పు చెప్పలేదు. సీనియర్ చేతిరాత నోట్సు సంగతి ఇంకా విచిత్రం: అది ఆమె సొంత రాత, హక్కూ ఆమెదే, కానీ నారాయణగూడలో తన పుస్తకం ఎన్ని ప్రతులు అమ్ముడుపోయిందో ఆమెకు తెలిసే దారి లేదు.

ఆ రోజు నేను తిరగేసిన ప్రతిలో '5 నెలలు' పక్కన ఎవరో పెన్సిలుతో చిన్నగా '6' వేసి, కింద గీత గీశారు. నా వెనక నిలబడ్డ కుర్రాడు అదే పుస్తకానికి మూడు కాపీలు చెప్పాడు. వేడివేడిగా బయటికొచ్చిన కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాను. '5 నెలలు' నల్లగా, స్పష్టంగా పడింది. పెన్సిల్ గీత జిరాక్సులో సరిగా పడదు.